బీటల లెక్క

టేపు, లేజరు, గోడలో తడి చూసే మీటరు,
ఒక పెన్సిలు. నా సంచిలో ఉండేది అంతే.
గ్రోనింగెన్‌కి పైన, సముద్రపు కరకట్ట నీడలో ఉన్న ఊళ్ళో
ఫెన్నె డైక్‌హాయిస్ ఇంటికి ధర కట్టడానికి వెళ్ళాను.

ఇక్కడి నేల కింద ఏళ్ళ తరబడి గ్యాసు తోడారు.
ఖాళీ అయిన చోటల్లా నేల నిద్రలో ఒత్తిగిల్లింది.
గోడలకు చెవులుంటాయంటారు.
ఈ ఊళ్ళో గోడలకు నోళ్ళు.

నా వృత్తిలో మొదటి పాఠం: క్యాలెండరు ఎత్తి చూడు.
అలమారా వెనక చూడు.
కొత్త వాల్‌పేపరు జిగురు వాసన వస్తే
ఆగు, వేలితో తట్టు.
కాకి పిల్ల కాకికి ముద్దు.
అమ్మేవాళ్ళ కళ్ళతో కొలిస్తే
ప్రతి ఇంట్లోనూ ఒక గది ఎక్కువుంటుంది.

ఫెన్నె గోడల మీద క్యాలెండరు లేదు.
ప్రతి బీట కొసనా పెన్సిలు గీత, గీత పక్కన తేదీ.
మళ్ళీ సాగితే మళ్ళీ గీత.
"ఇది ఆగస్టు రాత్రిది. పళ్ళేలు మోగాయి, పగల్లేదు.
ఇది మాత్రం భూమిది కాదు.
మెన్నో పోయాక పియానో దించుతూ మనుషులు గుద్దారు.
దీన్ని గ్యాసు కంపెనీ పద్దులో రాయకు."

పోలికకు మూడిళ్ళు తెచ్చుకున్నాను.
ఒకటి విడాకుల తొందరలో పోయింది.
ఆ ధరలో కోపం కలిసింది, తీసేశాను.
రెండోది నగరం నుంచి వచ్చిన జంట కొన్నది,
కిటికీలోంచి కనిపించే గొర్రెలకు పదివేలు ఎక్కువిచ్చి.
గొర్రెలు పొరుగువాడివి. అదీ తీసేశాను.
ఇక ఒక్కటే. ఇటుక అదే, కట్టిన ఏడు అదే,
చూరు కింద పుచ్చు కూడా అదే.
ఒక్క ఇంటికి సగటు ఎలా తీయడం?
ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాడు
ఇల్లు అమ్మి చూసినట్టు లేడు.

కాఫీ బల్ల మీద నా అంకె పెట్టాను:
రెండు లక్షల పద్దెనిమిది వేల యూరోలు.
ఆమె చక్కెర డబ్బా ఎత్తింది. కింద మడతపెట్టిన కాగితం:
రెండు లక్షల పదకొండు.
"ఏడువేలు ఎక్కువ కట్టావు. నేలమాళిగలోకి దిగావా?"
దిగాను, పొడిగా ఉంది, ఇదిగో మీటరు అన్నాను.
"ఇది జూన్. ఫిబ్రవరిలో రా.
రబ్బరు బూట్లు వేసుకుని రా."

ఇరవై రెండేళ్ళ నౌకరీలో
తన ఇంటి ధర తగ్గించమని బేరమాడే మనిషిని
అదే చూడటం.
ఎందుకన్నాను. నా ఫారంలో ఆ ప్రశ్నకి గడి లేదు.

కొనేది రొట్టెల కొట్టు యెల్మెర్‌ట. భార్యకి ఏడో నెల.
"నేను పోయేది రెండు వీధుల అవతలి ఫ్లాటుకి.
శుక్రవారం శుక్రవారం వాడి చేతి రొట్టె కొనుక్కోవాలి.
అందులో ఏడువేలు కలిస్తే
నమలడానికి నాకు పళ్ళు చాలవు."

మళ్ళీ దిగాను, ఈసారి మీటరు లేకుండా.
మోకాలికి బెత్తెడు కింద, ఇటుకల మీద
చుట్టూ తెల్లగా ఉప్పు గీత.
నీళ్ళు నిలబడి పోయిన ఎత్తు.
ఇంట్లో ఆమె గీయని గీత అదొక్కటే,
నేను చూడనిదీ అదే.

రెండు లక్షల పన్నెండున్నర వేలు అని దిద్దాను.
"ఇంకా పదిహేను వందలు మిగిల్చావే?"
వీధి తలుపు పైన రంగుటద్దం, మీరు లెక్కలో వేయలేదు, అన్నాను.
ఆమె వెనక్కి తిరిగి చాలాసేపు చూసింది.
"రోజూ దాని కిందనించే పోతాను" అంది,
తప్పు ఒప్పుకున్నట్టు.

ఇంటికొచ్చాను. సంచి దించకుండానే
వంటింట్లో కాసేపు నిలబడ్డాను.
మా గోడ మీద, మేకుకి,
ఇంకా నాలుగేళ్ళ కిందటి డిసెంబరు.